రెండో ప్రతి ఎవరింట్లో ఉంది?

పోయిన నెల సికింద్రాబాదులో ఒక చిన్న సాహిత్య సమావేశానికి వెళ్ళాను. పాతికమందిమి ఉంటాం. ఒక పెద్దాయన తాను పదేళ్ళుగా రాస్తున్న నవల గురించి మాట్లాడారు. ఎనిమిది వందల పేజీలు దాటిందట, మూడో భాగం ఇంకా మిగిలే ఉందట. చర్చలో అందరూ ఇతివృత్తం గురించీ, పాత్రల గురించీ, మాండలికం గురించీ అడిగారు. నా వంతు వచ్చినప్పుడు నేను ఒకే ఒక ప్రశ్న వేశాను: "మాస్టారూ, రెండో ప్రతి ఎక్కడుంది?"

ఆయనకి అర్థం కాలేదు. "అచ్చు కాలేదింకా" అన్నారు. "అచ్చు సంగతి కాదండీ, ఆ ఎనిమిది వందల పేజీలు మీ ల్యాప్‌టాప్‌లో కాక ఇంకెక్కడున్నాయి?" అన్నాను. సభ నవ్వింది. ఆయనా నవ్వి, "నాయనా, మంచి సాహిత్యం దానంతటదే నిలుస్తుంది. నిలవనిదాన్ని ఎన్ని డబ్బాల్లో దాచినా ప్రయోజనం లేదు" అన్నారు. చప్పట్లు మోగాయి. నా పక్కన కూర్చున్న కవిగారు ఊరుకోకుండా, "అయినా మన రాతలు ఎత్తుకుపోయేదెవరండీ, మనమేం తప్పు చేశామని?" అని ఒక మాట కలిపారు. అంతలో టీలు వచ్చాయి.

రెండూ వినడానికి బాగున్న వాక్యాలే. రెండూ నిజం కాదు. టీ చల్లారేలోగా చెప్పగలిగే విషయం కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. లేకపోతే ఒడ్డున నిలబడి ఈత నేర్పుతున్నాడంటారు. మా అమ్మ పాడిన బతుకమ్మ పాటలు, మంగళహారతులు, పెళ్ళిపాటలు కలిపి యాభై చిల్లర మా ఇంట్లో క్యాసెట్లలో ఉండేవి. 2006లో నేను కొత్త కంప్యూటరు కొన్న ఉత్సాహంలో, టేప్‌రికార్డరుకీ దానికీ తీగ కలిపి, ఆదివారాలన్నీ కూర్చుని ఒక్కో పాటనీ ఎక్కించాను. పేర్లు పెట్టాను, గరగర శబ్దం తీసేశాను, గర్వపడ్డాను. తర్వాత చేసిన పనే చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. "అన్నీ కంప్యూటర్లోకి వచ్చేశాయిగా" అని ఆ క్యాసెట్ల పెట్టెని పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. అమ్మ మరుసటి ఏడాది పోయింది. 2009లో ఒక సాయంత్రం హార్డుడిస్కు టక్కు టక్కుమని గోడగడియారంలా కొట్టుకుంది. దాన్ని పట్టుకుని ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పరుగెత్తాను. అక్కడి కుర్రాడు డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని, వైద్యుడు నాడి చూసినట్టు విని, "హెడ్డు పోయింది సార్. బ్యాకప్ ఉందా?" అని అడిగాడు. ఆ మాట నేను అంతకుముందు వంద సార్లు విని ఉంటాను. ఆ రోజే మొదటిసారి అర్థమైంది.

ఇప్పుడు అమ్మ గొంతులో మాకు మిగిలింది ఒక మంగళహారతిలోని నలభై సెకన్ల ముక్క. నిజామాబాదులో ఉన్న మా చెల్లెలు తన ఫోనుకి రింగుటోనుగా పెట్టుకోవడానికి అడిగితే కోసి పంపించిన ముక్క అది. నేను శ్రద్ధగా దాచుకున్నదంతా పోయింది. నా ఇంటి గడప దాటి వెళ్ళినది మాత్రం, అదీ ఆటగా వెళ్ళినది, బతికింది.

ఇక "మంచి సాహిత్యం నిలుస్తుంది" అన్న మాట. నిలిచినదాన్ని మాత్రమే చూసి, నిలిచిందంతా మంచిది గనక నిలిచిందనుకోవడం, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టి యుద్ధంలో ఎవరూ చావలేదనడం లాంటిది. పోయినవాటికి సమీక్షలు రావు. అన్నమయ్యనే తీసుకోండి. ఆయన సంకీర్తనలు ముప్పై రెండు వేలని సంప్రదాయం చెబుతుంది. కుటుంబంవారు వాటిని తాటాకుల మీద వదిలెయ్యలేదు. రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో రాతి అరలో భద్రపరిచారు. రాగిని మించిన డిస్కు ఈనాటికీ లేదు: చెద పట్టదు, వైరసు రాదు, కరెంటు అక్కర్లేదు. అయినా మనకి దక్కినవి సుమారు పద్నాలుగు వేలు. ఆ రేకులు ఇరవయ్యో శతాబ్దంలో బయటపడేదాకా నాలుగు వందల ఏళ్ళపాటు ఆ పాటల్లో అత్యధికభాగాన్ని విన్నవాడు లేడు. దక్కని పద్దెనిమిది వేలూ నాసిరకంవని, అందుకే నిలవలేదని మాస్టారు అంటారా? వస్తువు ఎంత గట్టిదైనా ఒకే గదిలో ఉంటే దాని బతుకు ఆ గది తలుపు మీద ఆధారపడి ఉంటుంది.

దీనికి ఎదురుగా వేమనని పెట్టి చూడండి. ఆయనకి రాగిరేకులు లేవు, గుడి అర లేదు, వారసుల పూనిక లేదు. ఊరూరా ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకున్న తాటాకు ప్రతులుండేవి, అన్నీ తప్పులతడకలే. కడపలో సి.పి. బ్రౌన్ దొరికిన ప్రతులన్నీ పోగేసి, పండితులకి జీతాలిచ్చి ఒకదానితో ఒకటి సరిపోల్చించాడు గనకనే 1829లో వేమన పద్యాలు అచ్చులోకి వచ్చాయి. ప్రతుల్లో తప్పులున్నాయన్నది ఆయనకి తలనొప్పి అయిన మాట నిజమే. కాని తలనొప్పి పెట్టడానికైనా పది ప్రతులుండాలి కదా.

పాటలకైతే గొంతులే ప్రతులు. గరిమెళ్ళ సత్యనారాయణని 1922లో జైల్లో పెట్టగలిగిన ప్రభుత్వం "మాకొద్దీ తెల్లదొరతనము"ని జైల్లో పెట్టలేకపోయింది, అది అప్పటికే వేలమంది నోళ్ళలో ఉంది. ఎనిమిది వందల పేజీల నవలకి ఆ సౌకర్యం లేదు. ఎంత అభిమానం ఉన్నా దాన్ని ఎవడూ కంఠతా పట్టడు.

ఇంతవరకూ చెప్పినది పోగొట్టుకోవడం గురించి. కవిగారి మాటకి వస్తాను, అది ఎత్తుకుపోవడం గురించి. ఈ రెండూ ఒకే జబ్బు కాదు, ఒకే మందుకి లొంగవు. డిస్కు చచ్చిపోతే పక్క సొరుగులోని రెండో డిస్కు కాపాడుతుంది. సోదాకి వచ్చినవాళ్ళు ఆ సొరుగు కూడా లాగుతారు. ల్యాప్‌టాప్, దాని పక్కన బయటి డిస్కు, బల్లమీద పెన్‌డ్రైవులు, అరలో పాత ఫోన్లు: మనం "అయిదు చోట్ల దాచాం" అనుకునేవన్నీ వాళ్ళ పంచనామాలో ఒకే చోటు.

ఇది ఊహ కాదు. మా సీతాఫల్‌మండి నుంచి తార్నాక ఎంతో దూరం లేదు. అక్కడి ఇఫ్లూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆచార్య కె. సత్యనారాయణ ఉండేవారు. సాంస్కృతిక అధ్యయన శాఖలో ఆచార్యులు, సూసీ తారుతో కలిసి దక్షిణాది దళిత రచనల సంకలనాలు రెండు, 2011లోనూ 2013లోనూ, తెచ్చిన సంపాదకులు. 2018 ఆగస్టు 28న పుణె పోలీసులు ఆయన ఇంటికి వచ్చారు. భీమా కోరేగావ్ కేసులో వరవరరావుని అరెస్టు చేసిన రోజది, సత్యనారాయణ ఆయన అల్లుడు. అదే రోజు జర్నలిస్టులు కె.వి. కూర్మనాథ్, క్రాంతి టేకుల ఇళ్ళు కూడా సోదా చేశారు. ముగ్గురిలో ఎవరూ ఆ కేసులో నిందితులు కారు. సత్యనారాయణ ఇంట్లో పొద్దున మొదలైన సోదా సాయంత్రం దాకా సాగింది. ఇన్ని పుస్తకాలెందుకని, గోడమీద ఫూలే, అంబేద్కర్ బొమ్మలెందుకని అడిగారని ఆయన తర్వాత పత్రికలవారికి చెప్పారు. ఆ ప్రశ్నల మీద అప్పట్లో చాలామంది రాశారు, కోపగించుకున్నారు, నవ్వారు. నాకు మాత్రం ఆయన చెప్పిన ఇంకో సంగతి గుచ్చుకుంది. కంప్యూటరు, డిస్కులు, పెన్‌డ్రైవులు అన్నీ తీసుకుపోయారు, ఏళ్ళ తరబడి చేసిన పరిశోధన, రాతప్రతులు వాటిలోనే ఉన్నాయి. ఈమెయిలు పాస్‌వర్డులు కూడా తీసుకున్నారని చెప్పారు. అంటే అంతర్జాలంలో దాచుకున్నదానికి కూడా తాళం పోయినట్టే.

ఆ వార్త చదివిన రాత్రి నేను నా బల్ల వైపు చూసుకున్నాను. నేను ఎవరికీ అల్లుణ్ణి కాను, ఏ సంఘంలోనూ సభ్యుణ్ణి కాను. అయినా నా డిస్కులన్నీ ఒక మూరెడు బల్లమీదే ఉన్నాయి.

కవిగారి "మనమేం తప్పు చేశామని" అన్న మాటకి సమాధానం ఈ ఊరి పేరులోనే ఉంది. 1974లో పెట్టిన కుట్రకేసు పేరు సికింద్రాబాదు కుట్రకేసు. వరవరరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్ వంటి రచయితలు అందులో ముద్దాయిలు. కేసు పదిహేనేళ్ళు నడిచింది. 1989లో కొట్టేశారు. చెరబండరాజు ఆ తీర్పు వినలేదు, 1982లోనే పోయాడు. వాళ్ళ రాజకీయాలతో మీకు ఏకీభావం ఉందా లేదా అన్నది నాకు అనవసరం. నాకే అన్ని విషయాల్లో లేదు. నేను చెప్పేది లెక్క. తప్పు చేశారో లేదో తేల్చడానికి పదిహేనేళ్ళు పట్టే చోట, తప్పు చెయ్యకపోవడం అనేది మీ ఫైళ్ళకి రక్షణ కాదు. పదిహేనేళ్ళు పోలీసు గిడ్డంగిలో పడి ఉన్న డిస్కు తిరిగి తిరుగుతుందని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కుర్రాడు కూడా హామీ ఇవ్వడు.

అమలాపురం నుంచి వెళ్ళి ఢిల్లీలో ఇంగ్లీషు బోధించిన జి.ఎన్. సాయిబాబా ఇంట్లో 2013 సెప్టెంబరులో సోదా జరిగింది, డిస్కులూ అవీ పట్టుకుపోయారు. ఆయన నిర్దోషి అని బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి చివరికి తేల్చినది 2024 మార్చి 5న. ఆ అక్టోబరులోనే హైదరాబాదులో కన్నుమూశారు. పదేళ్ళ పైచిలుకు.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఒక రష్యను రచయిత కథ. వసీలీ గ్రాస్‌మన్ "జీవితం, విధి" అనే పెద్ద నవల రాశాడు. 1961 ఫిబ్రవరిలో కేజీబీ వాళ్ళు ఇంటికి వచ్చి, రచయితని వదిలేసి నవలని అరెస్టు చేశారు. టైపు ప్రతులు, చిత్తుప్రతులు మాత్రమే కాదు, ప్రతులు తియ్యడానికి వాడిన కార్బను కాయితాలు, టైపురైటరు రిబ్బన్లు కూడా పట్టుకుపోయారు. రిబ్బను మీద అక్షరాల అచ్చు మిగులుతుందని వాళ్ళకి తెలుసు. సాహిత్యం నిలవడమంటే ఏమిటో మన మాస్టారికంటే కేజీబీకే బాగా తెలుసునని నాకు అనిపిస్తుంది. ఈ పుస్తకం మరో రెండు మూడు వందల ఏళ్ళదాకా రాదని పార్టీ పెద్ద సుస్లోవ్ రచయిత ముఖం మీదే చెప్పాడు. గ్రాస్‌మన్ 1964లో పోయాడు, తన నవల అచ్చులో చూడలేదు. కాని సోదాకి ముందే అతను ఒక ప్రతి మిత్రుడు సెమ్యోన్ లిప్కిన్ దగ్గర, ఇంకొకటి వ్యాచెస్లావ్ లొబొడా అనే మరో మిత్రుడి దగ్గర ఉంచాడు. లిప్కిన్ దగ్గరున్న దాన్ని తర్వాత ఫిలిం మీదకి ఎక్కించి దేశం దాటించారు. 1980లో స్విట్జర్లాండులో పుస్తకమై వచ్చింది. మూడు వందల ఏళ్ళ జోస్యం ఇరవై ఏళ్ళు తిరక్కముందే తప్పిపోయింది, ఇద్దరు మిత్రుల అలమరాల వల్ల.

గూగీ వా థియోంగో సంగతి ఇంకా చిత్రం. కెన్యా జైల్లో మరుగుదొడ్డి కాగితాల మీద రాసిన నవలని వార్డర్లు పట్టుకుంటే, ఒక అధికారికి మనసు మారి కొన్ని వారాలకి తిరిగి ఇచ్చాడు. ఆ నవలనే వరవరరావు జైల్లో ఉండి "మట్టికాళ్ళ మహారాక్షసి"గా తెనిగించారు. ఒక అధికారి మనసు మారడం మీద ఆధారపడి ఆ పుస్తకం మన భాషదాకా వచ్చింది. అందరు అధికారులకీ మనసు మారదు.

ప్రభుత్వాన్ని కూడా ఒక మాట అడగాలి. దర్యాప్తుకి కావలసినది డిస్కులోని సమాచారం. దానికి అచ్చుగుద్దినట్టు నకలు తియ్యవచ్చు, సాధారణంగా కొన్ని గంటల పని. నకలు వాళ్ళు ఉంచుకుని అసలు ఇచ్చెయ్యవచ్చు, కోర్టుకి అసలే కావాలంటే నకలు రచయితకి ఇవ్వవచ్చు. రెండూ చెయ్యకుండా ఉన్న ఒక్క ప్రతినీ పట్టుకుపోయి ఏళ్ళ తరబడి ఉంచుకోవడం దర్యాప్తు ఎలా అవుతుంది? తీర్పు లేకుండా వేసిన శిక్ష అది. ఈ మాట కోర్టులో అడిగినవాళ్ళున్నారు. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి 2011 నుంచి 2015 దాకా ఉపకులపతిగా ఉన్న రామ్ రామస్వామి, ఇఫ్లూలో పనిచేసిన మాధవ ప్రసాద్, మరి ముగ్గురు విద్యావేత్తలు కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. పరికరాలు స్వాధీనం చేసుకోవడానికి నియమాలుండాలన్నది వాళ్ళ కోరిక. 2021లో నోటీసు వెళ్ళింది. సరైన జవాబు దాఖలు చెయ్యనందుకు 2022లో కేంద్రానికి పాతిక వేల రూపాయలు ఖర్చుల కింద పడ్డాయి. 2023 నవంబరులో, న్యూస్‌క్లిక్ సోదాల తర్వాత, పత్రికారచయితల పరికరాల విషయంలో మార్గదర్శకాలు ఉండి తీరాలని కోర్టు గట్టిగా అంది. ఆ డిసెంబరులో కేంద్రం, అవి తయారయ్యేదాకా సీబీఐ వారి 2020 నాటి మాన్యువల్‌ని పాటిస్తామంది. సత్యనారాయణ బల్ల ఖాళీ అయిన రోజు నుంచి ఆ హామీ దాకా అయిదేళ్ళు దాటిపోయింది.

ఎత్తుకుపోవడం కంటే భయపెట్టేది ఒకటి ఉంది: చేర్చడం. భీమా కోరేగావ్ కేసులోనే రోనా విల్సన్ కంప్యూటరు నకలుని పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్, ఆ యంత్రంలోకి ఎవరో ఇరవై రెండు నెలలపాటు దొంగచాటుగా చొరబడి ఉత్తరాలు పెట్టారని 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఎన్‌ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. నిజానిజాలు కోర్టు తేల్చాలి. కాని రచయితకి ఇందులో ఒక పాఠకుడి ప్రశ్న ఉంది: నా ఫైలు నేను రాసినట్టే ఉందని నేను ఎలా రుజువు చేసుకోవాలి? నా దగ్గర ఇంకో ప్రతి లేకపోతే, వాళ్ళ దగ్గరున్నదే నా రచన. వాళ్ళు ఏది చూపిస్తే అదే నేను రాసింది.

దీనికి హ్యాష్ అనే సాధనం ఉంది. పేరు చూసి బెదరవద్దు, ఫైలుకి వేలిముద్ర అనుకోండి. ఏ ఫైలునైనా ఒక చిన్న ప్రోగ్రాముకి ఇస్తే అరవై నాలుగు అంకెల, అక్షరాల వరుస ఒకటి ఇస్తుంది. వెయ్యి పేజీల నవలలో ఒక్క కామా మార్చి మళ్ళీ అడగండి, వరుస మొత్తం మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రంలో ఈ వరుస రాయడానికి చోటు పెట్టారు. కాబట్టి ఎప్పుడైనా ఎవరైనా మీ పరికరం పట్టుకుపోతుంటే, ఆ వరుసని రాసి ఇమ్మని అడగండి. అడగడం తప్పు కాదు. అంతకంటే ముందు, ఒక భాగం పూర్తయినప్పుడల్లా మీ ఫైలు వేలిముద్రని మీరే తీసి ఒక మిత్రుడికి వేగు పంపండి. ఫలానా తేదీన మీ రచన ఇలా ఉందనడానికి మీ మాట కాక ఇంకో ఆధారం ఉంటుంది.

"ఇవన్నీ ఎందుకండీ, గూగుల్లో పెట్టేశాం కదా" అనే యువమిత్రులకి ఒక మాట. యాహూ వారి జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడ్డప్పుడు ఎన్ని తెలుగు పేజీలు పోయాయో లెక్క తీసినవాడు లేడు. యాహూ గుంపుల్లో "రచ్చబండ" వంటి చోట్ల తొలి తరం అంతర్జాల తెలుగువారు ఛందస్సు గురించీ వ్యాకరణం గురించీ ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. తర్వాత యాహూ ఆ గుంపుల పాత సంగతులన్నీ తన యంత్రాల నుంచి తుడిచేసింది. రెండేళ్ళు వాడని ఖాతాలని తీసేస్తామని గూగులు నియమం పెట్టింది. రచయిత పోయాక రెండేళ్ళంటే, పిల్లలు ఇంకా ఆ గది సర్దుకోరు. అందరికీ దిక్కనుకునే ఇంటర్నెట్ ఆర్కైవు సైతం 2024 అక్టోబరులో దాడికి గురై కొన్నాళ్ళు తెరుచుకోలేదు. అద్దె ఇంట్లో సామాను పెట్టుకోవచ్చు, తప్పులేదు. ఇల్లుగలాయన మాట మీదే బతకకూడదు.

ఇంకొకటి మన తెలుగువాళ్ళ ప్రత్యేక జబ్బు. ముప్పై ఏళ్ళుగా మన పుస్తకాలు అను ఫాంట్లలో, పేజ్‌మేకరులో తయారయ్యాయి. ఆ ఫైలుని యూనికోడులో తెరిస్తే లోపలున్నది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ తెలుగు వేషం. వేషం తీస్తే గందరగోళం. పేజ్‌మేకరు ఏడో కూర్పుతో ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. డీటీపీ చేసినాయన దుకాణం ఎత్తేస్తే ఆ ఫైలు ఉన్నా లేనట్టే. ప్రతి అంటే తెరుచుకునే ప్రతి. దయచేసి మీ రచన యూనికోడు పాఠాన్ని, ఏ అలంకారమూ లేకుండా, సాదా టెక్స్టు ఫైలుగా ఒకటి ఉంచుకోండి. అది ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటుంది.

నేను ఏం చేస్తున్నానో చెబుతాను. పద్మారావునగర్‌లో ఉండే ఒక మిత్రుడితో ఒప్పందం పెట్టుకున్నాను. నా డిస్కు ఒకటి ఆయన ఇంట్లో, ఆయనది మా ఇంట్లో. ఉగాదికీ దసరాకీ మార్చుకుంటాం. రెండింటికీ వెరాక్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో తాళం వేసి ఉంటుంది, ఆయన రాసింది నేను చదవలేను, నాది ఆయన చదవలేడు. (చదివితే స్నేహం నిలిచేది కాదని మా ఆవిడ అభిప్రాయం.) మూడో ప్రతి నిజామాబాదులో చెల్లెలి దగ్గర, ఎందుకో చెప్పనక్కర్లేదు. పూర్తయినవి కాగితం మీద కూడా అచ్చు తీసి ఉంచుతాను. తాళం మాటలు ఒక కవరులో రాసి మా అమ్మాయికి ఇచ్చాను. ఒక కథకుడు పోయినప్పుడు ఆయన ల్యాప్‌టాప్ చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని పిల్లల పుట్టినరోజులన్నీ పాస్‌వర్డులుగా కొట్టి చూసిన దృశ్యం నేను కళ్ళారా చూశాను. తెరుచుకోలేదు.

ఖర్చంటారా, సాదాసీదా డిస్కు ఒకటి, సంవత్సరానికి రెండు ఆటో ప్రయాణాలు.

ఇందులో ఒక చిక్కుంది, దాచను. మిత్రుడింట్లో ప్రతి పెట్టడమంటే మన భయాన్ని వాళ్ళింటికి పంపడం. లిప్కిన్ తీసుకున్నది చిన్న సాహసం కాదు. మనం రాసుకున్న నోట్సులో ఇతరుల పేర్లుంటాయి, మనల్ని నమ్మి చెప్పుకున్న కథలుంటాయి. ముఖ్యంగా ఊళ్ళల్లో తిరిగి జీవిత కథనాలు సేకరించేవాళ్ళ దగ్గర. అవి తాళం లేకుండా నాలుగిళ్ళు తిరగడం అంటే మన రచనని కాపాడి వాళ్ళని బయటపెట్టడం. కాబట్టి అడిగి ఇవ్వండి, ఏముందో చెప్పి ఇవ్వండి, తాళం వేసి ఇవ్వండి. మిత్రుడు వద్దంటే నొచ్చుకోకండి.

ఇదంతా రాసి ముగించబోతుంటే నిన్న మధ్యాహ్నం మాస్టారు ఫోను చేశారు. సభలో నవ్వినందుకు ఏమనుకోవద్దని, ఇంటికి రమ్మని. వెళ్ళాను. ఉప్మా పెట్టారు. తర్వాత లోపలికి వెళ్ళి జేబురుమాలులో చుట్టిన పెన్‌డ్రైవు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, "నీ దగ్గర ఉంచు నాయనా, ఎందుకైనా మంచిది" అన్నారు. రాత్రి ఇంటికొచ్చి కంప్యూటరుకి పెట్టి చూశాను. ముప్పై ఏడు ఫైళ్ళు. అన్నీ పేజ్‌మేకరువే, అను ఫాంట్లు. నా దగ్గర తెరుచుకోవు. సోమవారం చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి, పాత విండోసు, పేజ్‌మేకరు ఉన్న కంప్యూటరు ఎవరి దగ్గరైనా ఇంకా ఉందేమో అడగాలి.